మెనోపాజ్ చికిత్స: హైదరాబాద్ ఫ్యామిలీ డాక్టర్ల ధోరణులు

అండాశయాలు పని చాలించడంతో నెలసరి శాశ్వతంగా ఆగిపోయే దశ మెనోపాజ్. వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే ఆ దశ వచ్చేసినట్టు వైద్యులు లెక్కిస్తారు. అంతకుముందు నెలసరి తప్పుతూ, ముందువెనకలవుతూ సాగే కొన్నేళ్లను పెరిమెనోపాజ్ అంటారు. నెలసరి పన్నెండేళ్లకు మొదలై యాభైకి ఆగుతుందని సుశ్రుత సంహిత చెప్పింది. ఇండియన్ మెనోపాజ్ సొసైటీ దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో సగటు వయసు 46.2 ఏళ్లుగా తేలింది. ఐరోపా, అమెరికాల్లో అది దాదాపు 51. అంటే ఈస్ట్రోజన్ హార్మోన్ తగ్గిపోయాక గడపాల్సిన కాలం మన స్త్రీలకు అక్కడివాళ్ల కంటే ఐదేళ్లు ముందే మొదలవుతోంది. నలభైకి ముందే ఆగితే అది అకాల మెనోపాజ్. దాన్ని వయసు ప్రభావమని వదిలేయడానికి లేదు.

ఈ దశలో స్త్రీ మొదట వెళ్లేది స్పెషలిస్టు దగ్గరికి కాదు. వీధి చివర క్లినిక్‌లోని ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికో, బస్తీలో ఆర్.ఎం.పి. దగ్గరికో వెళ్తుంది. ఆ మొదటి గదిలో వినిపించే మాటను బట్టే తర్వాతి ఇరవై ముప్ఫై ఏళ్ల ఆరోగ్యం నడుస్తుంది. తెలుగు ప్రాంతంలో ఈ గదికి ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. ఇక్కడి వైద్యులకు హార్మోన్ మాత్ర రాయాలంటే భయం. గర్భసంచి ఆపరేషన్‌కు పంపాలంటే మాత్రం ఆ భయం ఉండేది కాదు. మెనోపాజ్ గురించి ఇక్కడ చెప్పుకోవాల్సిన చాలా విషయాలు ఈ ఒక్క వైరుధ్యం చుట్టూనే తిరుగుతాయి.

సుల్తాన్‌బజార్

ఆ చరిత్రను హైదరాబాద్‌లో సుల్తాన్‌బజార్ నుంచి చూడొచ్చు. కోఠి, బడీచౌడీ, బ్యాంక్ స్ట్రీట్, ఇసామియా బజార్ కలిసిన ఈ ప్రాంతం ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు పాలనలోని రెసిడెన్సీ బజార్లు. 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి దక్కాక సుల్తాన్‌బజార్ అయింది. నగరంలో వైద్యానికి సంబంధించినవన్నీ ఈ చుట్టుపక్కలే పోగుపడ్డాయి: 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌గా మొదలైన ఉస్మానియా వైద్య కళాశాల, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, ఈ.ఎన్.టి. ఆసుపత్రి, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయాలు, ఇందర్‌బాగ్ మందుల హోల్‌సేల్ దుకాణాలు. ఫుట్‌పాత్ మీద పాత మెడికల్ పుస్తకాలు కూడా ఇక్కడే దొరుకుతాయి.

స్త్రీ వైద్య చరిత్రలో ఈ పేటకు ఇంకో గుర్తింపు ఉంది. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన ఐదుగురు మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలితరం మహిళా మత్తువైద్యుల్లో ప్రముఖురాలు. ఆమె పనిచేసిన రెసిడెన్సీ ఆసుపత్రే నేటి సుల్తాన్‌బజార్ ఆసుపత్రి. ఆమె గురువు, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889 సంవత్సరాల్లో క్లోరోఫారం భద్రతపై రెండు కమిషన్లు నడిపించి హైదరాబాద్ పేరును లండన్ వైద్య పత్రికలకెక్కించాడు. ఆపరేషన్ అంటే జనానికి ఉన్న భయం తగ్గడంలో ఆ కాలపు పరిశోధనలకు వాటా ఉంది. వందేళ్ల తర్వాత ఇదే తెలుగు నేల మీద ఆ భయం మరీ ఎక్కువగా తగ్గిపోయింది.

గదిలో వినిపించే ఫిర్యాదులు

మెనోపాజ్ అనగానే పాఠ్యపుస్తకాలు వేడి ఆవిర్లతో మొదలుపెడతాయి. కోఠి, గౌలిగూడ, బేగంబజార్ నుంచి వచ్చే నలభై ఎనిమిదేళ్ల గృహిణి మాత్రం చాలాసార్లు మోకాళ్ల నొప్పితో మొదలుపెడుతుంది. నడుం నొప్పి, నీరసం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం, ఆ తర్వాత ఎప్పటికో "పెయ్యంతా మంటలు లేస్తయి సార్, ఎంటనే చెమట్లు" అన్న మాట వస్తుంది. భారతీయ స్త్రీలలో కీళ్లు, ఒళ్లు నొప్పులు ఆవిర్లతో సమానంగానో, వాటికంటే ఎక్కువగానో కనిపిస్తాయని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. దాంతో డాక్టరు చేయి నొప్పి మాత్ర వైపు వెళ్తుంది. నెలసరి ఎలా ఉందన్న ప్రశ్న చీటీ రాయడం అయ్యాక గుర్తొస్తే గొప్పే.

ఇంకా లోపలే ఉండిపోయే ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. ఈస్ట్రోజన్ తగ్గితే యోని గోడలు పలచబడి పొడిబారతాయి, మంట పుడుతుంది, కలయిక బాధాకరమవుతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది. పక్క కుర్చీలో భర్త, తలుపు దగ్గర కాంపౌండరు, ఎదురుగా మగ డాక్టరు ఉన్నప్పుడు వీటిలో బయటికొచ్చేది ఒక్క "మూత్రంలో మంట" మాత్రమే. ఐదు రోజుల యాంటీబయాటిక్ రాస్తారు. రెండు నెలలకు మళ్లీ అదే మంట, ఈసారి ఇంకాస్త ఖరీదైన యాంటీబయాటిక్. ఎస్ట్రియాల్ క్రీము పూతతో తగ్గే బాధ ఇలా ఏళ్ల తరబడి సాగుతుంది. పాతబస్తీ అంచు నుంచి నారాయణగూడ దాకా భార్యాభర్తలిద్దరూ డాక్టర్లుగా ఒకే క్లినిక్ నడిపే పద్ధతి ఇక్కడ మామూలే. ఆయన బీపీ, షుగరు చూస్తుంటే పక్క గదిలో ఆవిడ ఆడవాళ్లను చూస్తుంది. అలాంటి చోట ఈ మాటలు కొంత తేలిగ్గా బయటపడతాయి. వ్యవస్థ చేయలేని పనిని ఒక చెక్క తలుపు చేస్తోందన్నమాట.

మంచి ఫ్యామిలీ డాక్టరు తొందరపడి అంతా మెనోపాజ్ ఖాతాలో వేయడు. రాత్రి చెమటలు మన దగ్గర టీబీకి కూడా లక్షణమే. గుండెదడ, చెమటలు థైరాయిడ్ ఎక్కువైనా వస్తాయి, షుగరు మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేసినా వస్తాయి. నలభై అయిదు దాటి లక్షణాలు స్పష్టంగా ఉన్నవారికి ఎఫ్.ఎస్.హెచ్. హార్మోన్ రక్తపరీక్ష అవసరమే లేదని మార్గదర్శకాలు చెబుతున్నా ల్యాబు చీటీలో అది తరచూ కనిపిస్తుంది. అసలు రాయాల్సిన చోట, అంటే ముప్ఫై ఏడేళ్లకే నెల ఆగిన స్త్రీకి, కొన్నిసార్లు రాయరు.

ఆగిన ఏడాదికో రెండేళ్లకో రక్తం కనిపిస్తే కొందరు "మళ్లీ నెల వచ్చింది" అని సంతోషిస్తారు కూడా. మెనోపాజ్ తర్వాతి రక్తస్రావం గర్భాశయం లోపొర క్యాన్సర్‌కు తొలి సంకేతం కావచ్చు. స్కానింగ్‌లో ఆ పొర మందం చూసి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. ఈ ఒక్క విషయంలో డాక్టర్ల మధ్య రెండో అభిప్రాయం లేదు.

డాక్టర్లు ఏమనుకుంటారు

ఫ్యామిలీ డాక్టర్ల ధోరణులు స్థూలంగా మూడు రకాలుగా కనిపిస్తాయి, ఒకే డాక్టరులో మూడూ ఉండటమూ కద్దు. మొదటిది, "ఇది రోగం కాదమ్మా, అందరికీ వచ్చేదే, కొన్నాళ్లు ఓర్చుకో" అనడం. ఇందులో సగం నిజముంది. చాలామందికి భరోసా, నడక, కాస్త ఎండ, తగినంత క్యాల్షియం చాలు. కానీ రాత్రికి నాలుగుసార్లు లేచి చీర మార్చుకునే మనిషికి ఓర్పు మందు కాదు. రెండోది, బీ కాంప్లెక్స్, క్యాల్షియం, వారానికొక విటమిన్ డి అరవై వేల యూనిట్ల సాషే, నిద్రకు చిన్న మాత్ర రాసి పంపడం. మూడోది, "హార్మోన్లా? క్యాన్సర్ వస్తుంది, వద్దు" అనడం. మూడింటిలో బలమైనది ఈ మూడోదే. దాని మూలం హైదరాబాద్‌లో లేదు.

కోఠి ఫుట్‌పాత్ మీద 2002కు ముందు అచ్చయిన గైనకాలజీ పుస్తకాన్నీ, తర్వాతి ముద్రణనూ పక్కపక్కన పెట్టి చూస్తే హార్మోన్ల అధ్యాయం స్వరం ఎంత మారిందో తెలుస్తుంది. అమెరికాలో 1942లో ప్రెమారిన్ అనే ఈస్ట్రోజన్ మాత్ర మార్కెట్లోకి వచ్చింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే వైద్యుడు నిత్య యవ్వనం పేరుతో రాసిన పుస్తకం ఈస్ట్రోజన్‌ను లక్షల ఇళ్లలోకి చేర్చింది. 2002 జులైలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పరిశోధన ఫలితాలు ఆ ప్రచారాన్ని తలకిందులు చేశాయి. 16,608 మంది మీద, ఈస్ట్రోజన్‌తోపాటు కృత్రిమ ప్రొజెస్టిన్ కలిపిన మాత్రతో చేస్తున్న ఆ పరిశోధనను సగటున 5.2 ఏళ్లకే ఆపేశారు. ఏడాదికి పదివేల మందిలో రొమ్ము క్యాన్సర్లు ఎనిమిది, పక్షవాతాలు ఎనిమిది, గుండెజబ్బు కేసులు ఏడు అదనంగా కనిపించాయి. తుంటి ఎముక విరగడాలు ఐదు, పెద్దపేగు క్యాన్సర్లు ఆరు తగ్గాయి. పత్రికలకు ఎక్కింది మొదటి సగమే.

ఆ పరిశోధనలో పాల్గొన్నవారి సగటు వయసు 63 అన్నది చాలామంది డాక్టర్లకు చేరలేదు. మన క్లినిక్‌లో కూర్చున్న నలభై ఏడేళ్ల స్త్రీకి ఆ లెక్క యథాతథంగా వర్తించదు. గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన రెండో విభాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం ముప్పు కనిపించడంతో 2004లో దాన్నీ ఆపారు. అమెరికాలో మెనోపాజ్ దాటిన స్త్రీలలో 1999లో నాలుగోవంతుకు పైగా హార్మోన్లు వాడుతుండగా, 2020 నాటికి అది ఐదు శాతం లోపుకు పడిపోయింది. అక్కడ ఆకాశం నుంచి కింద పడింది. ఇక్కడ ముందునుంచీ నేల మీదే ఉంది. వాడకమే లేనిచోట భయం మాత్రం దిగుమతి అయింది.

ప్రస్తుత అవగాహన మధ్యేమార్గం. అరవై లోపు వయసువారు, లేదా నెల ఆగి పదేళ్లు దాటనివారు, తీవ్రమైన లక్షణాలున్నవారు, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డలు, పక్షవాతం, గుండెపోటు, కాలేయ జబ్బు, కారణం తేలని రక్తస్రావం లేనివారు అయితే హార్మోన్ల లాభం నష్టాన్ని మించుతుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2015లో ఇదే చెప్పింది, ఆ మార్గదర్శకాలను 2024లో సవరించింది. 1995లో ఏర్పడిన ఇండియన్ మెనోపాజ్ సొసైటీ 2019-20 మార్గదర్శకాల సారమూ ఇదే. వాటి రూపకల్పనలో హైదరాబాద్ స్త్రీవైద్య నిపుణురాలు డాక్టర్ మీతాది ప్రధాన పాత్ర. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ఈ మందుల మీద రెండు దశాబ్దాలకు పైగా ఉన్న తీవ్రమైన 'బ్లాక్ బాక్స్' హెచ్చరికల్లో చాలా భాగం తొలగిస్తున్నట్టు ప్రకటించింది. ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు స్త్రీకి ఈ మందులు రాసేది ఆమె జీ.పీ.యే, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరే. ఆమె అక్క కాచిగూడలో ఉంటే అదే మందు కోసం గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. వెళ్తే దొరుకుతుందన్న హామీ లేదు.

మందులు

సూత్రం సరళమే. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజన్‌తోపాటు ప్రొజెస్టిరాన్ తప్పదు, లేకపోతే లోపొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజన్ ఒక్కటి చాలు. మన దగ్గర ఎస్ట్రడయాల్ వాలరేట్ ఒకటి, రెండు మిల్లీగ్రాముల మాత్రలు, చర్మానికి రాసుకునే జెల్, మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్, టిబొలోన్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతాయి. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్‌ను గర్భం నిలబడటానికని గర్భిణులకు విరివిగా రాస్తారు కాబట్టి ప్రతి మందుల షాపులో ఉంటుంది. అదే మాత్రను యాభై ఏళ్ల మనిషికి రాయమంటే చేయి ఆగడం ఒక వింత. చర్మం ద్వారా ఇచ్చే ఈస్ట్రోజన్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు నోటి మాత్ర కంటే తక్కువ. బీపీ, ఊబకాయం ఉన్నవారికి జెల్ మేలనడానికి ఇదే కారణం.

హార్మోన్లు వద్దనుకునేవారికి, వాడకూడనివారికి వెన్లాఫాక్సిన్, తక్కువ మోతాదు పారోక్సెటిన్, గాబాపెంటిన్ ఆవిర్లను కొంత తగ్గిస్తాయి. మెదడులో వేడిని నియంత్రించే చోటే పనిచేసే ఫెజోలినెటాంట్‌కు 2023లో అమెరికాలో అనుమతి దొరికింది. దానికి కాలేయ పరీక్షలు తప్పనిసరి. సోయా ఐసోఫ్లేవోన్లు కొందరికి స్వల్పంగా పనిచేస్తాయి. ఇక అశోకారిష్టం, శతావరి, హోమియో గుళికలు, యునానీ చూర్ణాలు: సుల్తాన్‌బజార్‌లో ఇవన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి, చాలామంది వీటన్నిటినీ వరసగా వాడి చూశాకే అల్లోపతి గడప తొక్కుతారు. వాడుతున్న మందుల గురించి అడిగే డాక్టరు వాటినీ అడగాలి. అవి మందుల కింద లెక్క కాదని రోగి చెప్పదు.

గర్భసంచి ఆపరేషన్

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత, 2015-16 లెక్కల ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఆపరేషన్ నాటికి దేశంలో మధ్యస్థ వయసు 34. మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి.

ఈ సంఖ్యల వెనక ఒక వరస ఉంది. పద్ధెనిమిదికి పెళ్లి, ఇరవై రెండు ఇరవై మూడుకు ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లల ఆపరేషన్. ముప్ఫై దాటాక తెల్లబట్టో, ఎక్కువ రక్తస్రావమో, కడుపునొప్పో మొదలవుతుంది. స్కానింగ్ తీస్తారు. "గర్భసంచి వాచింది, పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అయితది" అన్న మూడు ముక్కలు చాలు. ఇద్దరు పిల్లలు పుట్టారు కదా, ఇంక దానితో పనేముంది అని ఇంట్లోవాళ్లూ అంటారు, ఆమే అంటుంది. పత్తి చేనులో, మిర్చి తోటలో కూలికి వెళ్లేవారికి నెలకు నాలుగైదు రోజుల పని పోవడం చిన్న విషయం కాదు. కాబట్టి ఆమెను అజ్ఞానం కిందో మోసం కిందో కొట్టేయడం సరికాదు. తన లెక్క తను వేసుకుంది. ఆ లెక్కలో ఎముకలు, గుండె, నిద్ర ఉంటాయని ఆమెకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

2007లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పేదలకు పెద్దాసుపత్రి తలుపు తెరిచింది. అదే కాలంలో గర్భసంచి ఆపరేషన్ల సంఖ్య మీద ఆందోళనా మొదలైంది. హైదరాబాద్‌కు చెందిన లైఫ్ హెచ్.ఆర్.జి. సంస్థ తరఫున డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లాలో చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. ఆపరేషన్ అయినవారిలో అత్యధికులు నలభై లోపువారే. చాలామందికి అండాశయాలను కూడా తీసేశారు. దుమారం రేగాక ప్రభుత్వం ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసింది.

రెండు అండాశయాలూ తీస్తే మెనోపాజ్ నాలుగైదేళ్లలో మెల్లగా రాదు, మర్నాటి నుంచే మొదలవుతుంది. ఆవిర్లు మరీ తీవ్రంగా ఉంటాయి. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు ముందుకు జరుగుతాయి. అండాశయాలు ఉంచినా అవి సహజ సమయానికి ముందే అలసిపోయే అవకాశం ఎక్కువ. ముప్ఫై నాలుగేళ్లకు ఇలా అయిన స్త్రీకి, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, సహజంగా నెల ఆగే వయసు దాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలన్నది అన్ని మార్గదర్శకాలూ ఒప్పుకునే మాట. గర్భసంచి లేదు కనుక ప్రొజెస్టిరాన్ కూడా అక్కర్లేదు. చికిత్స ఇంతకంటే తేలికగా ఉండే రోగి దొరకదు. అయినా ఆమెకే హార్మోన్ దొరకదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి కుట్లు విప్పి పంపేస్తుంది, ఊళ్లో డాక్టరు క్యాన్సర్ భయంతో ముట్టుకోడు.

ఇక్కడే ఫ్యామిలీ డాక్టరు పాత్ర రెండువిధాలుగా ఉంది. మొదటిది ఆపరేషన్‌కు ముందు. ఎక్కువ రక్తస్రావానికి ట్రనెక్సామిక్ యాసిడ్, ప్రొజెస్టిరాన్ కోర్సులు, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ కనిపెట్టిన ఓర్మెలాక్సిఫెన్, హార్మోన్ విడుదల చేసే లూప్ ఉన్నాయి. వీటిలో చాలావరకు ఎంబీబీఎస్ డాక్టరు చేతిలో ఉన్నవే. తెల్లబట్టకు మందు చాలు. ఫైబ్రాయిడ్ ఉన్నంత మాత్రాన తీయాల్సిన పనిలేదు, మెనోపాజ్ తర్వాత అది తనంతట తానే కుంచించుకుపోతుంది. నలభై అయిదేళ్ల మనిషికి "ఇంకో ఏడాది రెండేళ్లు మందులతో నెట్టుకొద్దాం" అని చెప్పగలిగేది ఆమె ఇల్లూ వాకిలీ తెలిసిన డాక్టరే. రెండోది ఆపరేషన్ తర్వాత. "అండాశయాలు ఉంచారా, తీశారా?" అని అడిగితే చాలామందికి తెలియదు. "అన్నీ తీసేసిండ్రు" అంటారు. డిశ్చార్జి కాగితం ఉంటే అందులో చూడొచ్చు. లేకపోతే స్కానింగో, ఎఫ్.ఎస్.హెచ్. పరీక్షో చేయించాలి. నెలసరి అన్న గుర్తే లేదు కనుక ఆమెకు మెనోపాజ్ ఎప్పుడొచ్చిందో చెప్పడానికి వేరే దారి లేదు.

ప్రభుత్వ విధానం

అనవసర గర్భసంచి ఆపరేషన్లపై 2013లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలోని ఘటనలు దానికి ఆధారం. కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని ఆదేశించింది. నలభై లోపు వారికి చేసే ఆపరేషన్ల మీద ప్రత్యేక నిఘా ఆ మార్గదర్శకాల్లో ముఖ్యమైనది.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న కరీంనగర్‌లో ప్రారంభించిన ఆరోగ్య మహిళ కార్యక్రమం ఇంకో దారి పట్టింది. మొదట వంద కేంద్రాల్లో, ప్రతి మంగళవారం ఆడవాళ్లకే ప్రత్యేక క్లినిక్. ఇస్తామన్న ఎనిమిది రకాల సేవల్లో మెనోపాజ్ ఒకటి. కౌన్సెలింగ్‌తోపాటు అవసరమైనవారికి హార్మోన్ మందులు ఇస్తామని కూడా ప్రకటించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో ఆ మాట రావడం చిన్న విషయం కాదు. హైదరాబాద్‌లో 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానాల్లో ఉండేది కూడా ఒక ఎంబీబీఎస్ డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడే. ఆ డాక్టరు నేర్చుకున్న మెనోపాజ్ ఎంబీబీఎస్‌లోని గైనిక్ పాఠంలో ఒక అధ్యాయం. మన వైద్య కళాశాలల్లో ఫ్యామిలీ మెడిసిన్‌కు ప్రత్యేక విభాగం ఉన్నవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కేంద్రంలో మాత్రలు పెట్టినా, వాటిని ఎవరికి రాయాలో, ఎవరికి వద్దో, ఎన్నాళ్లకు ఆపాలో ఆ డాక్టరుకు ఎవరో ఒకరు నేర్పాలి. అందుకు ఉస్మానియా వైద్య కళాశాలా, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రీ, వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయాలూ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి.